గుంతల బండి

ఆదివారం పొద్దున పెరట్లో బండలు కదిలిన సద్దు వినపడగానే శివకుమారి బియ్యం చేట గట్టు మీద పెట్టేసి బయటికి వచ్చింది. కూతురు మధులత చున్నీ నడుముకు బిగించుకుని, రేకుల కొట్టం మూలన రొమ్ము ఎత్తున పేర్చిన ముక్కబండలను ఒక్కొక్కటే తీసి పక్కన పెడుతోంది.

"చెయ్యి పెట్టొద్దే. తేళ్లుంటాయి. మొన్న స్టేషన్ కాడ ఒకామెకు బండ సందులో కట్లపాము కరిసి, నంద్యాలకు తీసకపోయే లోపలే..."

"ఆ ఒకామె పేరేమి?"

"పేరు తెలీకుంటే ఆమె చచ్చిపోదా?"

"చచ్చిపోతాది లేమ్మా. నువ్వు రోంత ఆ చివర పట్టుకో."

శివకుమారి పట్టుకోలేదు. రెండు చేతులూ కొంగులో చుట్టుకుని అట్లాగే నిలబడింది.

ఆమెకు భయం కొత్త కాదు. కూతురు ఊరి సచివాలయంలో ఉద్యోగానికి బయల్దేరిన పది నిమిషాలకు ఒక ఫోను, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం రైల్వే గేటు పడి ఆలస్యమైతే ఇంకొకటి. మబ్బు పడితే పిడుగు, ఎండ కాస్తే వడదెబ్బ. ఎనిమిదో తరగతి దాకా చదువుకున్న చదువు ఆమెకు పేపర్లో జిల్లా పేజీ చదవడానికి పనికొచ్చింది; అందులోనూ ప్రమాదాల వార్తలే ముందు చదువుతుంది. వీధిలో వాళ్లు నవ్వుతారు. మొగుడు పోయిన మనిషి, ఒక్కతే కూతురు, భయపడక ఏం చేస్తుందిలే అని మళ్లీ వాళ్లే సర్దుకుంటారు.

ఈ పొద్దు భయం మాత్రం ఆ రకంది కాదు.

బేతంచెర్లలో ముక్కబండలకు కరువు లేదు. పాలిష్ ఫ్యాక్టరీల్లో అంచులు కోసి పారేసినవి ఎవరైనా ఎత్తుకుపోవచ్చు. పందొమ్మిదేళ్ల కిందట ఆ ముక్కలను తట్టతో మోసుకొచ్చి ఆ మూలను మూసేసింది శివకుమారే. అప్పటికి ఆమెకు ఇరవై తొమ్మిదేళ్లు. భర్త పెద్ద ఈరన్న పోయి నెల కూడా కాలేదు. మొగుడి బండి కంట పడితే తట్టుకోలేక అట్లా చేసిందని అందరూ అనుకున్నారు. అది నిజమే, కానీ సగం నిజం. ఇప్పుడు మధులతకు పెరట్లో గది వేసుకోవాలని ఉంది, నేలకు ఆ ముక్కలు కావాలి. వద్దనడానికి శివకుమారి దగ్గర చెప్పదగిన కారణం ఒక్కటీ లేకపోయింది.

మధ్యాహ్నానికి బండి బయటపడింది. రెండు టైర్లూ పగిలి నేలకు అంటుకుపోయాయి. సీటు ఎలుకలు తిన్నాయి. ఎరుపు రంగు వేసిన ట్యాంకు మీద బెత్తెడు దుమ్ము. అయినా చూడగానే మామూలు బండి కాదని తెలుస్తుంది. ముందు మడ్‌గార్డు చక్రానికి జానెడు ఎత్తున ఉంది, సైలెన్సరు సీటు పక్కకు ఎక్కి వెనక్కి పొడుచుకొచ్చింది.

దాన్ని ఊళ్లో గుంతల బండి అనేవాళ్లు. పెద్ద ఈరన్న పాలిష్ మిషను మీద పనిచేసేవాడు. వారమంతా తడి బండల మధ్య తెల్లగా తిరిగి, ఆదివారం దుమ్ములో ఎర్రగా మారి ఇంటికొచ్చేవాడు. వదిలేసిన పాత గని గుంతల్లో మోటారు సైకిళ్ల పందేలు జరిగేవి అప్పట్లో. గెలిచినవాడికి ఒక కోడిపుంజో గోడగడియారమో ఇచ్చేవాళ్లు. దానికోసం ఈరన్నా, అతని స్నేహితుడు మెకానిక్ రసూల్ సాహెబూ కలిసి ఒక పాత యెజ్డీ బండిని కొని, ఏడాది పాటు కోసి, అతికి, ఎత్తి, దించి ఆ రూపానికి తెచ్చారు. గుబ్బల టైర్లు ఎక్కడెక్కడో వెతికి తెచ్చి వేశారు.

ఆ ఆదివారం పందెం పెద్ద గుంతలో అన్నారు. ముందు వారమే అందులో ఒకడికి తొడ ఎముక విరిగింది. శివకుమారి ఏడ్చింది, అలిగింది, అయిదేళ్ల పాపను తెచ్చి కాళ్లకు అడ్డం వేసింది. "నేనేమన్నా యుద్ధానికి పోతాండానా" అని ఈరన్న నవ్వాడు. తెల్లవారి అతను స్నానానికి పోయినప్పుడు ఆమె ట్యాంకు మూత తిప్పింది. అతని పనిబట్టలు నానేసిన బకెట్లో అడుగున బండల పొడి దిగిన పాలిష్ బురద పేరుకుని ఉండేది, పాలమీగడ మాదిరి. దాన్ని ఒక చెంబుతో తోడి ట్యాంకులో పోసి మూత బిగించింది. బండి కదలకుంటే మనిషి కదలడు. ఆమె అనుకున్నది అంతే.

బండి వీధి మలుపు దాకా పోయి ఆగిపోయింది. ముప్పై కిక్కులు కొట్టి, చెమటతో తోసుకొచ్చి కొట్టంలో పెట్టాడు. "రసూల్ మొన్న ఇంజన్లో కొత్త రింగులు వేసినాడు కదా, బిగువైనట్టుండాయి. నంద్యాలలో పెండ్లికి పోయినాడు, సాయంత్రం వస్తే చూపిస్తా" అన్నాడు. శివకుమారి సంతోషంగా ఉప్మా చేసి పెట్టింది. తిన్నాక, పందెం చూసన్నా వస్తానని బనగానపల్లె తట్టు పోయే బండల లారీ ఎక్కాడు. ముందర చోటు లేక వెనక బండల పక్కన నిలబడ్డాడు. నిలువుగా పేర్చిన బండలు ఒక మలుపులో ఒరిగాయి.

మూడో రోజు రసూల్ సాహెబ్ వచ్చి గడప బయటే కూలబడ్డాడు. "నా చేతి పనే చెల్లెలా. రింగులు బిగువుగా వేసినా. ఇంజన్ పట్టేసింటాది. బండి బాగుంటే లారీ ఎక్కేవాడు కాదు" అని తల బాదుకున్నాడు. లోపల అత్త ఉంది, ఇద్దరు బావలు ఉన్నారు. శివకుమారి నోరు తెరిచింది. తెరిచి, మూసేసింది.

ఆ తర్వాత రసూల్ సాహెబ్ ఇంజన్ పని మానేశాడు. రైల్వే గేటు దగ్గర పంక్చర్లు వేసుకుంటూ బతికాడు. ఈ వీధిలోకి రావాల్సి వస్తే చుట్టు తిరిగి వేరే దావన పోయేవాడు. రంజానుకు మాత్రం భార్య మదార్ బీ చేత సేమ్యా పంపేవాడు.

బండి మీది దుమ్ము తుడుస్తూ మధులత అంది, "దీన్ని స్టార్ట్ చేపిస్తా మా."

"దాంట్లో ఏముందే, తుప్పు. పాత ఇనుము వానికి వేద్దాం."

"నాన్న మొకం నాకు ఫొటోల్లో తప్ప గుర్తులేదు. గొంతు అసలే లేదు. ఈ బండి సద్దు ఒకటి గుర్తుండాది. మలుపు కాడ వినపడితే నేను వాకిట్లోకి ఉరికేదాన్ని. అది నిజంగా గుర్తో, నేను కల్పించుకున్నదో తేల్చుకోవాల."

శివకుమారి రెండు రోజులు తేళ్లని, తుప్పు గీసుకుంటే ధనుర్వాతమని, లైసెన్సు కాగితాలు లేవని రకరకాలుగా చెప్పిచూసింది. మధులత వినలేదు. పంక్చర్ అంగడికి పోయి రసూల్ సాహెబ్‌ను అడిగింది. ఆయన రాలేనన్నాడు. మళ్లీ పోయింది. రాలేనన్నాడు. మూడోసారి పోయి, "పోనీలే మామా, నీకు చేతకాదని కర్నూలు నుంచి ఎవరినన్నా పిలిపిస్తా" అంది. ఆ మాటకు ఆయన లేచి, చేతులు తుడుచుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే పాత డబ్బాతో వచ్చి వీధిలోనే ఆగాడు. గడ్డం అంతా తెల్లబడింది. చేతులు కొంచెం వణుకుతున్నాయి. పందొమ్మిదేళ్ల కిందట కూలబడిన చోటునే చూస్తున్నాడు.

"లోపలికి రా అన్నా" అంది శివకుమారి.

ఆయన గడపను తాకి కళ్లకద్దుకుని లోపలికి వచ్చాడు.

బండి ముందు కూచున్నాక ఆయన మధులతతో అన్నాడు, "పాపా, ముందే చెప్తాండా. ఇంజన్ తెరిస్తే లోపల ఏముంటాదో నాకు ఎరికే. చూసినాక తిట్టాలనిపిస్తే నోరారా తిట్టు. మనసులో పెట్టుకోవద్దు."

"నేనేంటికి తిడతా మామా?"

"చూసినాక చెప్పు."

కిక్కు రాడ్డు కదల్లేదు. ఆ బండికి కిక్కు రాడ్డే గేరు రాడ్డు కూడా. రసూల్ సాహెబ్ దాన్ని మెల్లిగా తట్టి, ప్లగ్గు విప్పి, ఆ బొక్కలో కిరోసిన్ పోశాడు. రెండు రోజులు అట్లాగే నాననియ్యమన్నాడు. మూడో రోజు చేత్తో నొక్కితే రాడ్డు కిందికి దిగింది. ఆయన చాలాసేపు బీడీ తాగాడు. తర్వాత ఒక్కొక్క నట్టే విప్పి, ఇంజన్ పైభాగం తీసి గోనెపట్ట మీద పెట్టాడు. తీసి, మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"నా కండ్లు సరిగా లేవు. నువ్వు చూడు పాపా. పిస్టన్ మింద, చుట్టుగోడకు, గీతలు ఏమన్నా ఉండాయా?"

"లేవు మామా."

"సరిగా చూడు. లోతుగా ఉంటాయి, గోరుతో గీకినట్ల."

"లేవంటాండా కదా. అద్దం మాదిరుండాది."

"వేలు పెట్టు."

"నున్నగా ఉండాది మామా."

రసూల్ సాహెబ్ అప్పుడు తిరిగి చూశాడు. వంగి, తన వేలు కూడా పెట్టి చుట్టూ తిప్పాడు. రింగులు ఒక్కొక్కటే నొక్కాడు. నొక్కితే లోపలికి పోయి మళ్లీ పైకి వచ్చాయి. ఆయన నెత్తిమీది టోపీ తీసి దాంతో మొహం తుడుచుకున్నాడు.

"పట్టల్యా" అన్నాడు. "నా రింగులు పట్టల్యా."

వంటింటి గడపలో టీ గ్లాసులతో నిలబడ్డ శివకుమారికి ఆ ఒక్క క్షణం గుండె తేలికయ్యింది. ఆయన బరువు దిగింది, ఇంక ఇది ఇంతటితో ఆగిపోతే బాగుండుననిపించింది.

"మరి ఏంటికి ఆగిపోయింది?" అంది మధులత.

రసూల్ సాహెబ్ కార్బొరేటర్ విప్పాడు. కింది గిన్నె రాలేదు. కొట్టి కొట్టి తీస్తే లోపల తెల్లగా గట్టిపడి సున్నపు గడ్డ మాదిరి ఉంది. పెట్రోలు వచ్చే సన్నటి బెజ్జాలన్నీ పూడిపోయాయి. ట్యాంకులోకి టార్చి వేసి చూస్తే అడుగంతా అదే. ఆయన గోరుతో గీకి, నాలుక మీద వేసుకున్నాడు. ఆ ఊళ్లో పుట్టిన ఎవరికైనా ఆ రుచి తెలుసు.

"పాలిష్ బురద."

"పెట్రోల్లోకి పాలిష్ బురద యాడ నుంచి వస్తాది?"

ఆయన ఇప్పుడు తన వైపు చూస్తాడనుకుంది శివకుమారి. ఆయన చూడలేదు. ఆ ఆలోచనే ఆయనకు రాలేదు. గోడ వైపు చూస్తూ వేళ్లు మడిచి ఏదో గుర్తు చేసుకుంటున్నాడు.

"ఆ శుక్రవారం ట్యాంకు విప్పి కడిగినా. ఆరడానికి గోడ మింద పెట్టినా. నా అంగడి గోడకు అవతల పాలిష్ ఫ్యాక్టరీ కాలువ ఉండె కదా, పైపు పగిలితే ఇంతెత్తున చిందేది. మూత పెట్టినానా?" కళ్లు మూసుకున్నాడు. "పెట్టింటే ఇది లోపలికి ఎట్ల పోతాది? పెట్టల్యా."

"మామా, నువ్వు కావాలని చేసినావా ఏమన్నా?"

"ఇన్నేండ్లూ రింగులు అనుకుంటి పాపా. రింగులైతే పొరపాటు. చేసే పనిలో ఎవరికైనా అయితాది. మూత పెట్టకపోవడం పొరపాటు కాదు. ఒళ్లు మర్సి చేసిన పని. ఒక మూత."

డబ్బా అక్కడే వదిలేసి లేచాడు. టీ తాగి పొమ్మని మధులత వెంట పోయింది. ఆయన వినిపించుకోలేదు. శివకుమారి గడపలోనే ఉండిపోయింది. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఇంకోటి రాదని తెలుసు, తెలిసీ టీ గ్లాసులు వెనక్కి తీసుకుపోయింది.

ఆ వారం మధులత ఒక్కతే బండి ముందు కూచుంది. ట్యాంకులో కిరోసిన్ పోసి నానబెట్టింది. సైకిలు చైను ముక్కలు వేసి, చేతులు పడిపోయేదాకా ఊపింది. తెల్లగడ్డ చెక్కుచెదరలేదు. ఆ కార్బొరేటర్ కర్నూల్లో లేదన్నారు, హైదరాబాదులో ఎవరి దగ్గరో ఉండొచ్చన్నారు, ఆ ఎవరో ఫోను ఎత్తలేదు.

గురువారం మదార్ బీ వచ్చింది. ఎప్పుడూ నవ్వుతూ వచ్చే మనిషి, కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"శివమ్మా, మీ అన్న అన్నం ముట్టడంల్యా. అంగడి తెరవడంల్యా. గోడ తట్టు తిరిగి పండుకోని మూత, మూత అంటాడు. నువ్వొచ్చి ఒక్క మాట చెప్పు తల్లీ, అయిందేదో అయిందిలే అన్నా అని. మేమెవరం చెప్పినా వినడు. నువ్వు చెప్తే వింటాడు."

"వస్తా వదినా."

"ఎప్పుడొస్తావు?"

"రేపు."

రేపు వచ్చింది. శివకుమారి పోలేదు. తాను క్షమాపణ అడగాల్సిన మనిషి ఇంటికి, అతన్ని క్షమించడానికి ఎట్లా పోతుంది? పోయి ఆ మాట చెప్తే ఆయన లేచి అన్నం తింటాడు, నిజమే. బతికినంత కాలం ఆ మూత తన నెత్తిన పెట్టుకునే తిరుగుతాడు. ఆమె ఊహలో అంతకన్నా చెడ్డవి కూడా వచ్చాయి. ఆయన అట్లాగే మంచం పట్టి పోతాడేమో. రైలు గేటు పక్కనే ఉండే మనిషి.

ఆ సాయంత్రం మధులత చేతులు కడుక్కుంటూ అంది, "నువ్వు చెప్పినట్టే చేద్దాంలే మా. ఇనుముకు వేసేద్దాం. రసూల్ మామను ఊరికే బాధపెట్టినా నేను."

ఇన్ని రోజులుగా శివకుమారి దేవుడికి మొక్కుకున్నది ఆ మాట కోసమే. బండి పోతే బురద పోతుంది. కూతురు ఆ బండెక్కి ఏ గుంతలోనో పడుతుందన్న భయం కూడా దాంతోనే పోతుంది. సరేలే అంటే చాలు.

ఆమె సరేలే అనలేదు. వంటింట్లోకి పోయి చింతపండు డబ్బా దించింది. ఏడాదికని తెచ్చుకున్నది, నల్లబడింది, అంతా పెద్ద గిన్నెలో వేసి వేడినీళ్లు పోసి పిసికింది. బేతంచెర్ల బండలు పరిచిన ఇంటికి కాపురానికి వచ్చిన కోడలికి అత్త మొదట చెప్పేది, చారు నేల మీద ఒలకనియ్యొద్దని. పులుపు పడితే బండ నున్నదనం పోయి తెల్లగా మచ్చ పడిపోతుంది. ఇరవై ఆరేళ్ల కిందట శివకుమారి ఒలకబోసిన మచ్చ ఆ వంటింట్లో ఇంకా ఉంది.

గిన్నె తెచ్చి కార్బొరేటర్ అందులో ముంచింది. సన్నగా బుసబుసమని నురగ లేచింది.

"ఏం చేస్తాండావు మా?"

"పులుపుకు బండ కరుగుతాది. ట్యాంకు తే."

మధులత తల్లి మొహం చూసి, పోయి తెచ్చింది. గరాటు పెట్టి పులుసు పోశారు. ట్యాంకు లోపల నుంచి కాగే పాల సద్దు వచ్చింది. ఇద్దరూ చెరో పక్క పట్టుకుని ఊపుతున్నారు.

"రసూలన్న మూత మర్సిపోల్యా" అంది శివకుమారి. "మూత తీసింది నేను."

మధులత ఇంకో రెండుసార్లు ఊపింది. తర్వాత ఆపింది.

"ఆ పొద్దున మీ నాయన స్నానానికి పోయినప్పుడు. ఆయన బట్టల బకెట్లో బురద. పందానికి పోకుండా."

"ఎంత పోసినావు?"

"ఒక చెంబు."

"నాన్నకు తెలుసా?"

"తెలీదు. నవ్వుకుంటానే తోసుకొచ్చినాడు."

నురగ ట్యాంకు మూతి నుంచి పొంగి మధులత చేతుల మీద కారింది. ఆమె తుడుచుకోలేదు.

"మామ పందొమ్మిదేండ్లు మన వీధిలో అడుగు పెట్టల్యా మా."

"ఎరికే."

"సేమ్యా పంపిస్తే తిన్నాం."

"తిన్నాం."

మధులత అరుస్తుందేమో, ఏడుస్తుందేమో, ఇల్లు విడిచి పోతుందేమో అని శివకుమారి ఎదురుచూసింది. ఆ పిల్ల ట్యాంకు నేల మీద పెట్టింది. కొళాయి దగ్గర మోచేతుల దాకా కడుక్కుంది. అప్పుడు తల్లి వైపు చూడకుండా, "లెయ్. చెప్పులేసుకో" అంది. దావ పొడుగునా తల్లికి రెండడుగుల ముందే నడిచింది.

రసూల్ సాహెబ్ నులకమంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. శివకుమారిని చూసి మదార్ బీ గబగబా చాప పరిచింది. "వచ్చింది చూడు, నీ చెల్లెలు వచ్చింది" అని మొగుణ్ణి తట్టింది. శివకుమారి చాప మీద కూచోలేదు. నిలబడే చెప్పింది, నాలుగు ముక్కల్లో. ఎనిమిదో తరగతిలో పాఠం అప్పజెప్పినట్టు వచ్చింది మాట. చెప్పడం అయిపోయేసరికి మదార్ బీ శివకుమారి భుజం మీద వేసిన చెయ్యి తీసేసింది.

రసూల్ సాహెబ్ మంచం పట్టుకుని లేచి కూచున్నాడు.

"మూడో రోజు మీ వాకిట్లో నేను ఏడ్సినప్పుడు నువ్వు నా తట్టే చూస్తాంటివి. నన్ను తిట్టడానికి కూడా నోరు రావడంల్యా పాపం అనుకుంటి."

"భయపడినానన్నా. మా అత్త ఉండె, బావలు ఉండిరి. మొగుణ్ణి మింగినావని పాపను లాక్కుంటారని."

"సరే. ఆ తర్వాత?"

"ఆ తర్వాత రోజులు పోయేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమాయ."

ఆయన తన చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని చూసుకున్నాడు.

"నా కొడుకు చాంద్ చిన్నప్పుడు నా అంగట్లోనే ఉండేవాడు. సద్దు విని ఏ బండో చెప్పేవాడు వాడు. నేను స్పానర్ ఇయ్యల్యా. నా చెయ్యి మనిషిని తినే చెయ్యి, వానికి అంటకూడదనుకుంటి. ఇప్పుడు బెంగళూరులో యాడనో గేటు కాడ వాచ్‌మన్ పని చేస్తాండాడు." ఊపిరి పీల్చుకున్నాడు. "పోనీలే అనమంటావేమో. నాకు నోరు రావడంల్యా శివమ్మా. నువ్వు పో."

ఆయన ఎప్పుడూ చెల్లెలా అనే పిలిచేవాడు. మదార్ బీ తలుపు దగ్గరికి వేసింది, చప్పుడు కాకుండా.

చెప్పేస్తే బరువు దిగుతుందని శివకుమారి ఎప్పుడో ఎక్కడో చదివింది. ఇంటికి వచ్చి కూచుంటే ఏ బరువూ దిగినట్టు లేదు. ఇన్నాళ్లూ తన దగ్గర దాచుకున్నది ఇప్పుడు ఇంకో మూడు మనసుల్లో పడింది, అంతే.

మర్నాడు పొద్దున ఏడింటికి రసూల్ సాహెబ్ వచ్చాడు. ఎవరి పిలుపు కోసమూ ఆగలేదు. గడపను తాకలేదు. నేరుగా కొట్టంలోకి పోయి, "పాపా, ట్యాంకు తే" అన్నాడు.

ట్యాంకు లోపల కడిగిన గిన్నె మాదిరి ఉంది. కార్బొరేటర్ బెజ్జాల్లో సన్న తీగ దూర్చి వెలుతురుకు పట్టి చూశాడు. పాయింట్లు గరుకు కాగితంతో రుద్దాడు. కొత్త ప్లగ్గు, కొత్త బ్యాటరీ, కర్నూలు నుంచి తెప్పించిన పాత టైర్లు. పెట్రోల్లో ఆయిల్ తానే కొలిచి కలిపాడు. ఆ రోజూ, మర్నాడు ఆదివారమూ చేశాడు. మధులతతో మాట్లాడాడు, ఒకటి రెండుసార్లు ఆమె మీద విసుక్కున్నాడు కూడా. శివకుమారి పెట్టిన టీ రెండు రోజులూ మీగడ కట్టి అట్లాగే ఉంది. ఆమె తీసుకుపోయి పారబోసి, మళ్లీ పెట్టింది.

ఆదివారం నాలుగింటికి ఆయన కిక్కు కొట్టాడు. చేతులు వణికినా కాలు వణకలేదు. ఏడో కిక్కుకు బండి దగ్గింది. పదకొండో కిక్కుకు అంటుకుంది. తెల్లటి పొగ కొట్టమంతా కమ్మింది, రేకులు అదిరాయి, పక్కింటి మేకలు తాళ్లు లాక్కున్నాయి. ఆయన చెవి ఒకపక్కకు వంచి, చిన్న స్క్రూ ఒకటి అటూ ఇటూ తిప్పి, సద్దు సమంగా అయ్యేదాకా తిప్పి, చెయ్యి తీశాడు.

"ఇదేనా పాపా?"

మధులత ఏడుస్తోంది. "తెలీడంల్యా మామా" అంది. "ఇదే అయింటాది. తెలీడంల్యా."

ఆయన తల ఊపాడు. పర్వాలేదన్నట్టు కాదు, అంతేలే అన్నట్టు.

మధులత హెల్మెట్ పెట్టుకుంది. ఎటు నొక్కితే ఏ గేరో ఆయన రెండుసార్లు చెప్పాడు. పాత గని దావన పోయి రమ్మన్నాడు, గుంతలోకి దిగొద్దన్నాడు. ఆమె బండెక్కి, గడపలో ఉన్న తల్లి వైపు చూసింది. ట్యాంకు ఊపిన ఆ సాయంత్రం నుంచి అదే మొదటిసారి నేరుగా చూడటం.

శివకుమారి నోట్లో వంద మాటలు ఉన్నాయి. లారీలు, కుక్కలు, కంకర, బ్రేకులు, ఆ మలుపు. కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. వద్దు అనలేదు.

బండి వీధి దాటింది. మలుపు కూడా దాటింది. రసూల్ సాహెబ్ అరుగు మీద ఒక చివర కూచుని చేతులకంటిన గ్రీజు గుడ్డతో తుడుచుకుంటున్నాడు. శివకుమారి రెండో చివర నిలబడింది. సద్దు సన్నబడుతూ పాత గనుల వైపు పోతోంది. ఆమె దాన్ని చెవులతో పట్టుకుని వేలాడుతోంది. ఇప్పుడు రైలు కట్ట దాటింటుంది. ఇప్పుడు కంకర క్రషర్ దగ్గర ఉంటుంది.

ఉన్నట్టుండి ఆ సద్దు తెగిపోయింది.

శివకుమారి అరుగు దిగి వీధిలోకి ఉరికింది. చెప్పులు కూడా లేవు.

"నిలిపింది" అన్నాడు వెనక నుంచి రసూల్ సాహెబ్. తల ఎత్తలేదు. "చెడిపోయి ఆగితే సద్దు వేరే ఉంటాది. తనే ఆపుకోని యాడనో నిలబడింటాది. రోంతసేపు ఉండనీ. వచ్చి కూచో."

ఆ రెండు రోజుల్లో ఆయన ఆమెతో అన్న మొదటి మాట అది. ఆ తర్వాతి ఏళ్లలో కూడా అంతకన్నా ఎక్కువ మాట్లాడింది లేదు.

ఆమె వెనక్కి వచ్చి అరుగు చివర కూచుంది. బండల లారీలు ఒకదాని వెనక ఒకటి గేటు వైపు పోతున్నాయి, వాటి రొదలో వేరే ఏ సద్దూ వినపడటం లేదు. ఆయన గుడ్డ మడిచి పక్కన పెట్టాడు. ఇద్దరూ మలుపు వైపే చూస్తున్నారు.